హోరులో ఒక గొంతు

చదవవలసిన భాగం: మార్కు 10:46–52

పశ్చిమ ఆస్ట్రేలియా గనుల దగ్గర పనివాళ్లకిచ్చే రేకుల గదిని 'డోంగా' అంటారు. మొదటిసారి పెర్త్ నుంచి విమానంలో వచ్చి దిగిన రోజున "ఇదిగో నీ డోంగా" అని తాళంచెవి చేతిలో పెడితే నవ్వాపుకోలేకపోయాను. ఎనిమిది రోజులు పని, ఆరు రోజులు ఇల్లు. పని ఉన్న ఎనిమిది రోజులూ ఆ దొంగగారే నాకు దిక్కు. కల్గూర్లీ ఊరు దాటి ఉత్తరానికి గంటల తరబడి పోతే వచ్చే బంగారు గని అది. చుట్టూ ఎర్రమట్టి, పొదలు, ఆకాశం. అక్కడ నేను రేడియో టెక్నీషియన్ని. భూమి లోపలున్నవాళ్ల మాట పైకీ, పైవాళ్ల మాట లోపలికీ చేరేలా చూడటం నా పని.

రేడియో తరంగాలు రాతిని దాటి పెద్దగా పోలేవు. అందుకని సొరంగం పొడవునా పైకప్పుకి ఒక కేబుల్ వేలాడదీస్తాం. దాని పైతొడుగులో కావాలనే సందులు వదులుతారు. ఆ సందుల్లోంచి సిగ్నల్ బయటికి కారుతుంది, దగ్గరలో మాట్లాడే మనిషి వాకీటాకీ మాట అదే సందుల్లోంచి లోపలికి దూరుతుంది. అలా కారుతూ పోతే చివరికి ఏం మిగులుతుంది? అందుకే కొన్ని వందల మీటర్లకొకటి చొప్పున యాంప్లిఫయర్లు పెట్టి మళ్లీ బలం పోస్తాం. లోకంలో అందరూ గొట్టం కారితే బాగుచేస్తారు, మేం కారడం ఆగితే బాగుచేస్తాం.

మొన్నటి వారం ఊపిరాడలేదు. మంగళవారం లోడరు బకెట్టు తగిలి కేబుల్ తెగింది. ఆ రాత్రి పేలుళ్ల తర్వాత కింది లెవెల్లో రెండు యాంప్లిఫయర్లు మూగబోయాయి. గుట్ట మీది రిపీటరుకి బ్యాటరీలు మార్చాలి, కొత్తగా చేరినవాళ్లకి రేడియోలు సిద్ధం చేయాలి. ఛార్జరు విరగ్గొట్టినవాళ్లూ బెల్టు క్లిప్పు పారేసుకున్నవాళ్లూ పొద్దున్నే నా గుమ్మం ముందు వరుస కట్టారు. బుధవారం మధ్యాహ్నం కంట్రోల్ రూములో కూర్చునే ఆవిడ ఫోను చేసింది. ఛానల్లో ఒకటే హోరట, తల పగిలిపోతోందట, ఏదో ఒకటి చేయమంది.

చేశాను. రిసీవరుకి స్క్వెల్చ్ అని ఒక అమరిక ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు వినపడకుండా అది స్పీకరు నోరు మూస్తుంది. ఒక గీత దాటి బలంగా వచ్చిన సిగ్నల్‌కే తలుపు తీస్తుంది. గీత ఎక్కడుండాలో టెక్నీషియన్ నిర్ణయిస్తాడు. అసలు హోరు ఎక్కడ పుడుతోందో కనిపెట్టాలంటే లోపలికి దిగి ఒక్కో యాంప్లిఫయర్ దగ్గరా ఆగి కొలవాలి. దానికి సగం షిఫ్టు పడుతుంది. గీతని పైకి జరపడానికి అర నిమిషం చాలు. నేను అర నిమిషం పని చేసుకొచ్చాను. చప్పుడు ఆగింది, ఆవిడ థాంక్స్ చెప్పింది, నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం భోజనాల గదిలో ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు. గనిలో చేరిన నీళ్లు తోడే పంపుల్ని చూసే మనిషి. శాండ్‌విచ్ విప్పుకుంటూ మామూలుగా అన్నాడు: "రెండు రోజుల్నించి అడుగు నుంచి పిలుస్తుంటే పైవాళ్లు పలకడం లేదబ్బాయ్. పనిలో ఉన్నారేమోలే అనుకున్నా." మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా బండెక్కి రెండు లెవెల్స్ పైకి వచ్చి, అక్కడ మాట్లాడి, మళ్లీ దిగుతున్నాడట. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అది కేబుల్ చివరి కొస. అక్కడి నుంచి వచ్చే గొంతు హోరు కంటే ఒక వెంట్రుకవాసి పైన ఉంటుంది. హోరుతో పాటు ఆయన్నీ మూసేశాను. ఆ రెండు రోజుల్లో ఆయనకేమీ కాలేదు. కాకపోవడం నా గొప్ప కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోను తీశాను. రేపల్లె నుంచి అమ్మ రోజూ తెల్లవారి వాట్సాప్‌లో ఆ రోజు చదవాల్సిన లేఖన భాగం పంపుతుంది. ఆ వారంలో ఒక్కటీ తెరవలేదు. సాయంత్రాలు ఆవిడ ఫోను చేసే వేళకి ఇక్కడ రెండున్నర గంటలు ముందుంటాం, నాలుగింటికి లేవాలని నేను పడుకునే వేళ అది. అందుకని ఫోను సైలెంట్‌లో పెట్టేవాణ్ణి. తిన్నావా అంటుంది, తిన్నానంటాను, అంతే కదా అని. శుక్రవారం పంపిన భాగం బర్తిమయి కథ.

చిన్నప్పటి నుంచి విన్న కథే. యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డి బిచ్చగాడు, వెళ్తున్నది యేసని విని కేకలు పెట్టాడు. ఊరుకోమని చాలామంది గద్దించారు. వాళ్లంతా రాతిగుండెవాళ్లని సండేస్కూల్లో అనుకునేవాణ్ణి. ఆ రాత్రి అలా అనిపించలేదు. బోధకుడు నడుస్తూ చెప్పే మాట నలుగురికీ వినపడాలని చూసుంటారు. ఛానల్ శుభ్రంగా ఉంచారు, నాలాగే.

యేసుకి మాత్రం తీరిక ఎక్కడిది? యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్లు కింద ఉంది, యెరూషలేము 750 మీటర్లు పైన. కిలోమీటరు ఎత్తు ఎక్కే దారి అది. ఏడు మీటర్లకి ఒక మీటరు లేచే మా గని బాట ఎక్కడానికే బండ్లు మూలుగుతాయి. తర్వాతి అధ్యాయంలో ఆయన యెరూషలేములో ప్రవేశిస్తాడు, సిలువకి చేరే వారం మొదలవుతుంది. అంత పని నెత్తి మీదున్నవాడు ఒక్క కేకకి ఆగాడు. ఇంకో సంగతి కూడా ఉంది, ఇన్నేళ్లూ నా కంటపడలేదు. ఆయన తానే వెళ్లి బిచ్చగాణ్ణి పలకరించలేదు. వాణ్ణి పిలవండని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పాడు. అంతకుముందు నోరు మూయించిన గుంపే ఇప్పుడు ధైర్యం చెప్పి లేపింది. వాళ్లని ఆయన తిట్టలేదు, పని చెప్పాడు.

మా ప్రాంతంలో పాత గని మనుషులు ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. 1907 మార్చిలో కూల్గార్డీ దగ్గర బోనీవేల్‌లో కుంభవృష్టి కురిసి గని మునిగింది. అందరూ బయటపడ్డారు, మొడెస్టో వారిస్కెట్టి అనే ఇటలీ కార్మికుడు తప్ప. పోయాడనుకున్నారు. తర్వాత రాతి మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. నీళ్లు చేరని ఒక మూల గాలి మిగిలి ఉంది, ఆయన అక్కడున్నాడు. పెర్త్ నుంచి ప్రత్యేక రైల్లో డైవర్లనీ వాళ్ల సామాగ్రినీ తెప్పించారు. గని పనీ డైవింగూ రెండూ తెలిసిన ఫ్రాంక్ హ్యూస్ నీళ్లలో దిగి ఆయన్ని చేరాడు. తొమ్మిది రోజులకి ప్రాణాలతో తీశారు. రేడియో లేదు, కేబుల్ లేదు. రాతి మీద టకటకలు, వాటిని విన్న చెవులు, అంతే.

శనివారం మిగతా పనులు పక్కన పెట్టి కిందికి దిగాను. వరసలో నాలుగో యాంప్లిఫయర్ పాడై తనే హోరు పోస్తోంది. మార్చాను. కనెక్టర్లు విప్పి తుడిచి బిగించాను. పైకి వచ్చి స్క్వెల్చ్ గీతని దాని పాత చోటికి దించాను. కొంచెం బుస మిగిలింది, ఉండనిమ్మని కంట్రోల్ రూము ఆవిడకి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, ఎవరు చేసిన తప్పో కూడా.

తర్వాత అడుగున ఉన్న పెద్దాయన్ని పిలిచాను. గరగరల మధ్య సన్నగా వచ్చింది జవాబు: "వినపడుతున్నానా?"

"వినపడుతున్నారు."

"అయితే ఇక పైకి ఎక్కక్కర్లేదన్నమాట. మోకాలు నొప్పి."

సాయంత్రం నేనే ఫోను చేశాను. అమ్మ ఎత్తీ ఎత్తగానే, "ఏరా, తిన్నావా?"

ప్రార్థన: ప్రభువా, ఈ షిఫ్టులో కింద ఉన్నవాళ్లందరినీ క్షేమంగా పైకి తీసుకురా. పంపుల దగ్గరి పెద్దాయన మోకాలు చూడు. రేపల్లెలో అమ్మకి ఈ రాత్రి నిద్ర పట్టనివ్వు. ఆమేన్.