సంచిలోని రెండు తూనికరాళ్లు

ధ్యానభాగము: లేవీయకాండము 19వ అధ్యాయము, 33 నుండి 36 వచనములు



ఈ మాసపు ధ్యానమునకై మేము తీసికొనిన నాలుగు వచనములలో మొదటి రెండు పరదేశిని గూర్చినవి. తరువాతి రెండు త్రాసును, తూనికరాళ్లను, కొలతలను గూర్చినవి. మీ మధ్య కాపురమున్న అన్యదేశస్థుని మీలో పుట్టినవానితో సమానముగా చూచుకొని ప్రేమింపుడని చెప్పిన దేవుడు, ఆ వెంటనే కొలతలోను తూనికలోను అన్యాయము చేయవద్దని హెచ్చరించుచున్నాడు. ఈ రెండు ఆజ్ఞలు ఒకదాని ప్రక్కన ఒకటి నిలుచుట ఊరక జరిగిన సంగతి కాదని మా నమ్మకము. త్రాసులో వడ్లు, మిరపకాయలు మాత్రమే తూగవు. మనుష్యులను కూడ మనము తూచుచుందుము. బయటనుండి వచ్చినవానిని ఒక తట్టలోను, ఊరిలో పుట్టినవానిని రెండవ తట్టలోను పెట్టి, వీడు గొప్ప, వాడు తక్కువ అని తీర్పు చెప్పుదుము. ఆ తూనిక న్యాయమైనదా? ఈ ప్రశ్నను ఆలోచించుటకు దూరదేశపు దృష్టాంతమొకటి మిక్కిలి సహాయపడును.

వెస్టిండీస్ అనగానే మన యౌవనస్థులకు క్రికెట్టు ఆట జ్ఞాపకము వచ్చును. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ మొదలైనవి కరీబియన్ సముద్రపు దీవులు. ఆఫ్రికానుండి సంకెళ్లతో తెచ్చిన దాసులచేత తెల్లదొరలు అచ్చట చెరకుతోటలు సాగు చేయించిరి. బ్రిటిషువారి దీవులలో దాస్యమును రద్దుచేయు చట్టము 1834లో అమలునకు వచ్చెను. 1838లో ఆ దాసులకు సంపూర్ణమైన విడుదల కలిగెను. తరువాత తోటలకు కూలీలు చాలక, మన దేశపు బీదలను ఒప్పందముపై ఓడలెక్కించిరి. మద్రాసు రేవునుండి వెళ్లినవారిలో తెలుగువారును ఉండిరి. కాబట్టి ఆ దీవుల కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ దీవులు చిన్నవి, పని తక్కువ. అందుచేత అచ్చటి నల్లజాతివారు పొట్ట చేతపట్టుకొని సముద్రములు దాటిరి. 1904 నుండి 1914 వరకు పనామా కాలువ త్రవ్వకములో వేలకొలది దీవులవారు చెమటోడ్చిరి. ఆ కూలిడబ్బు కూడబెట్టుకొని కొందరు న్యూయార్కు నగరము చేరిరి. 1948 తరువాత అనేకులు ఇంగ్లండుకు వెళ్లిరి. 1965లో అమెరికా చట్టము మారిన పిమ్మట మరల అనేకులు అమెరికాకు తరలిరి.

ఇప్పుడు న్యూయార్కులో జరిగిన తూనికను చూతము. అమెరికాలో తరతరములుగా పుట్టి పెరిగిన నల్లవారున్నారు. వారి పితరులును ఆఫ్రికా దాసులే. 1981లో థామస్ సోవెల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఒక గ్రంథములో ఇట్లు లెక్క చూపెను: దేశములోని కుటుంబముల సగటు ఆదాయము 100 అనుకొనినయెడల, వెస్టిండీస్ వారిది 94, అమెరికా నల్లవారందరిది 62. సోవెల్ తానును అమెరికాలో పుట్టిన నల్లజాతివాడే. ఒకే రంగు, ఒకే దాస్యము, అయినను ఇంత తేడా కనబడుచున్నది గనుక తెల్లవారి వర్ణద్వేషమొక్కటే ఈ బీదతనమునకు కారణము కానేరదని అతని వాదము. బార్బడోస్ తల్లికి పుట్టిన షర్లీ చిజమ్ 1968లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ అయ్యెను. జమైకా తలిదండ్రులకు పుట్టిన కాలిన్ పావెల్ 2001లో ఆ దేశపు విదేశాంగమంత్రి అయ్యెను. ఇట్టివారిని చూపించి జనులు ఇంకొక అడుగు ముందుకు వేసిరి: “వచ్చినవాడు బాగుపడెను గదా! ఇచ్చట పుట్టినవాడు బాగుపడకపోవుట వాని సోమరితనమే.”

ప్రియులారా, ఆ లెక్క అబద్ధము కాదు. అయితే దానినుండి తీసిన తీర్పు న్యాయమా? ఆ త్రాసును మూడు విధములుగా పరీక్షింతము.

మొదటిది, తట్టలో ఎవరిని పెట్టిరి? సముద్రము దాటి వెళ్లువాడు ఊరంతటికి నమూనా కాడు. దారి ఖర్చులు కూర్చుకొనగలవాడు, కొంత చదివినవాడు, ఒంట్లో బలమున్నవాడు, తెగువగలవాడు ముందుగా వెళ్లును. ముసలివారు, రోగులు, దిక్కులేనివారు దీవిలోనే నిలిచిపోవుదురు. వారు ఈ తట్టలోనికి రారు. రెండవ తట్టలోనో, పసిబిడ్డ మొదలు పండుముదుసలి వరకు ఒక జనాంగమంతయు ఉన్నది. దక్షిణ రాష్ట్రములలో పాలికి పత్తి పండించి అప్పులలో మునిగినవాడును అందులోనే ఉన్నాడు. వచ్చినవారు ఎక్కువగా కాపురమున్నది కూలిరేట్లు హెచ్చుగానుండు న్యూయార్కులో. ఇట్టి తట్టలు సమానముగా తూగునా? సుజాన్ మోడల్ అను పండితురాలు 2008లో ఈ సంగతినే ఒక గ్రంథముగా వ్రాసెను. వలస వెళ్లువారు ఏరబడినవారై యుండుటయే ఈ తేడాకు ముఖ్యకారణమని ఆమె నిర్ణయము. అమెరికా నల్లవారిలోనే పుట్టినచోటు విడిచి వేరొక రాష్ట్రమునకు తరలినవారితో పోల్చిచూచినప్పుడు, ఆ గొప్ప తేడా చాలవరకు కరగిపోవుచున్నది.

రెండవది, తూచక మునుపు వారి వెనుక ఏమి జరిగెను? దీవులలో నల్లవారే అధిక సంఖ్యాకులు. అచ్చటి పిల్లవాడు బడికి వెళ్లినయెడల పంతులు నల్లవాడు. వీధిలో పోలీసువాడు నల్లవాడు. కచేరీలో గుమాస్తా నల్లవాడు. తానును అట్టివాడు కావచ్చునని వానికి తోచెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలోనో, 1865లో దాస్యము రద్దయినను, బడి వేరు, బండి వేరు, నీళ్ల కొళాయి వేరు అను చట్టములు చేసిరి. ఓటు వేయబోయినవానిని బెదరించిరి. మన సంఘములలోని పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఊరి బావికి రానీయక, బడి అరుగు ఎక్కనీయక, తరువాత “వీరికి శుభ్రత లేదు, వీరికి చదువు అబ్బదు” అని తీర్పు చెప్పిన త్రాసును మన తాతలు తమ కన్నులతో చూచిరి. తలుపు మూసినవాడే లోపలికి రాలేదని నిందించుట ఎట్టి న్యాయము?

మూడవది, వచ్చినవానికి తలుపు తెరచినదెవరు? 1955లో మాంట్‌గోమరీ పట్టణములో బస్సులెక్కక కాలినడకన పనికి వెళ్లినవారు, 1965లో సెల్మా వంతెనపై దెబ్బలు తిన్నవారు ముఖ్యముగా అచ్చట పుట్టిన నల్లవారే. అనేకులు మనవంటి చిన్న సంఘముల విశ్వాసులు. వారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఒక సంఘకాపరి. వారి శ్రమవలన 1964లో పౌరహక్కుల చట్టమును, 1965 ఆగస్టులో ఓటుహక్కుల చట్టమును వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో, పుట్టిన దేశమునుబట్టి వలసవారిని ఏరివేయు పాత చట్టమును మార్చిరి. అటుపిమ్మట వచ్చిన దీవులవారు ఉద్యోగములలో, బడులలో అడుగు పెట్టినప్పుడు, ఆ గడపలలో అనేకము ఇతరుల రక్తముతో తెరువబడినవే. యోహాను సువార్త 4వ అధ్యాయములో ప్రభువు శిష్యులకు చెప్పినది ఇదియే: విత్తినవారు వేరు, కోసినవారు వేరు. కోతవాడు విత్తినవానిని సోమరి అనినయెడల ప్రభువు సహించునా?

ఇప్పుడు సముద్రమునకు ఆవలి ఒడ్డున, ఇంగ్లండులో జరిగిన తూనికను చూడుడి. 1948 జూన్ 22న ‘విండ్రష్’ అను ఓడ టిల్బరీ రేవున వందలకొలది దీవులవారిని దించెను. వారు బ్రిటిషు పౌరులే. యుద్ధముచేత నలిగిన ఆ దేశమునకు పనివారు కావలసియుండెను. 1956 మొదలుకొని లండను రవాణా సంస్థ బార్బడోస్‌కే వెళ్లి బస్సులకు, రైళ్లకు పనివారిని చేర్చుకొనెను. అనేక స్త్రీలు ఆసుపత్రులలో నర్సులైరి. అయినను వారికి అద్దెకు ఇల్లియ్యనివారు అనేకులు. బ్రిస్టల్ నగరములో బస్సు సంస్థ నల్లవారిని, మన ఆసియావారిని కండక్టర్లుగా తీసికొననని చెప్పగా, 1963లో వారు ఆ బస్సులెక్కుట మానివేసి, నెలల తరబడి పోరాడి గెలిచిరి. వారి పిల్లలను మందబుద్ధులని చెప్పి వేరు బడులకు పంపుచున్నారని గ్రెనడా దీవివాడైన బెర్నార్డ్ కోర్డ్ అను ఉపాధ్యాయుడు 1971లో ఒక చిన్న పుస్తకము వ్రాసి బయలుపరచెను.

గమనింపుడి. అవే దీవులు, అవే బడులు, అవే దేవాలయములు. ఒక తల్లి బిడ్డలలో ఒకడు న్యూయార్కు వెళ్లెను, ఒకడు లండను వెళ్లెను. న్యూయార్కులో వానిని నల్లవారి ప్రక్కన నిలిపి “కష్టజీవి, మాదిరి చూపువాడు” అనిరి. లండనులో వానిని తెల్లవారి ప్రక్కన నిలిపి “వీరి పెంపకము సరియైనది కాదు” అనిరి. మనిషి మారలేదు, రాయి మారెను. సంచిలో పెద్దదియు చిన్నదియునగు రెండు తూనికరాళ్లు ఉంచుకొనవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము హెచ్చరించుచున్నది. అట్టి సంచి రెండు దేశములలోను కనబడినది.

ఆయా తూనికలలో సంఘము కూడ నిర్దోషిగా నిలువలేదని దుఃఖముతో చెప్పవలసియున్నది. ఆ దీవులవారిలో అనేకులు ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్తిస్టు సంఘములవారు. ఇంగ్లండు మిషనెరీల ద్వారా సువార్త వినినవారు. తల్లిసంఘమునకు వచ్చితిమని ఆదివారము ఆశతో వెళ్లగా, అనేకచోట్ల ప్రక్కవారు ముఖము త్రిప్పుకొనిరి. మరల రావద్దని చెప్పిన పాదిరులును ఉండిరి. 2018లో, ఏబది ఏండ్లు అచ్చటనే కష్టపడి ముసలివారైనవారిని, కాగితములు చూపలేదని ప్రభుత్వము ఉద్యోగములనుండి తొలగించి, కొందరిని దేశమునుండియే వెళ్లగొట్టిన సంగతి బయలుపడెను. 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు మహాసభ తాను వారిపట్ల చూపిన జాతివివక్షకు క్షమాపణ కోరుటకు తీర్మానించెను. ఆలస్యమైనను అది మంచి కార్యమే.

ఎవరైన ఇట్లు అడుగవచ్చును: “అయ్యగారూ, మరి కష్టపడుటకు విలువ లేదా? వచ్చినవారి శ్రమను ఒప్పుకొనరాదా?” తప్పక ఒప్పుకొనవలెను. ఇంగ్లండులో బ్యాంకులు అప్పియ్యనప్పుడు ఆ దీవులవారు మన చీటీలవంటివి వేసికొనిరి. జమైకావారు దానిని ‘పార్డ్‌నర్’ అందురు; ట్రినిడాడ్ వారు ‘సూసూ’ అందురు. ప్రతి వారము అందరు కొంత వేయుదురు. వంతు వచ్చినవాడు మొత్తము తీసికొనును. కాగితము లేదు, కోర్టు లేదు, నమ్మకమొక్కటే. ఆ డబ్బుతో అనేకులు ఇండ్లు కొనిరి. మన స్త్రీలు చీటీ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టుట ఎరిగిన మనము ఈ శ్రమను ఎట్లు చిన్నచూపు చూతుము? వారినుండి నేర్చుకొనుటకై పోల్చుట మంచిదే. ఎవరికి ఏ తలుపు మూసియున్నదో తెలిసికొని తెరచుటకై పోల్చుట ఇంకను మంచిది. బీదవానిని కొట్టుటకు వేరొక బీదవానిని కర్రగా వాడుకొనుటయే పాపము.

తలాంతుల ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. ఐదు తలాంతులు తెచ్చినవానికి యజమానుడు పలికిన మెప్పు మాటలే రెండు తెచ్చినవానికిని పలికెను. “నీవు ఐదు ఏల తేలేదు?” అని రెండవవానిని అడుగలేదు. ఎవని లెక్క వానికి అప్పగించినదానినిబట్టియే. అయితే ఒక్క తలాంతును పాతిపెట్టినవాడు తప్పించుకొనలేదు. సోమరితనమునకు ఇచ్చట సాకు లేదు. కాని ఆ లెక్క అడుగు అధికారము యజమానునిది, ప్రక్కనున్న దాసునిది కాదు. యోహానును చూచి, ఇతని సంగతి ఏమని అడిగిన పేతురుతో ప్రభువు, అది నీకేల, నీవు నన్ను వెంబడించుమను భావముతోనే పలికెను.

ఈ త్రాసు మన గ్రామములలోను ఉన్నది. నేడు మన తెలుగు జిల్లాలలో కొన్నిచోట్ల బీహారు, బెంగాలు నుండి వరినాట్లకు ముఠాలు వచ్చుచున్నవి. “వారు పనిమంతులు, మన కూలీలు సోమరులు” అను మాట మేము వినుచున్నాము. వచ్చినవారు పడుచువారు, ఇల్లువాకిలి దూరముగా విడిచి, ఎకరము లెక్కన పగలంతయు వంగి పనిచేయువారు. ఊరి తల్లికి పాలు త్రాగు బిడ్డ, మంచముపై అత్తగారు, వండవలసిన పొయ్యి ఉన్నవి. ఇద్దరిని ఒకే రాయితో తూచెదమా? మరియు ఆ వచ్చినవానినే, “మన కూలి పాడుచేయుటకు వచ్చెను” అని తిట్టి, పశువుల కొట్టములో పండుకొనబెట్టినవారును ఉన్నారు. అమెరికా వెళ్లిన మన పిల్లల జీతములు చూచి, “మన తెలివి అట్టిది” అని అతిశయించువారును ఉన్నారు. పరీక్షలు, పట్టాలు, వీసాలు అను జల్లెడలు ఎన్ని దాటినవారు అచ్చటికి చేరుచున్నారో వారు మరచిపోవుచున్నారు.

కాబట్టి ఈ మాసము కుటుంబ ప్రార్థనలో ఒక ప్రశ్న వేసికొనవలెనని మా మనవి: మన ఊరికి వచ్చినవారిలో ఎవరికి నీళ్లు, నీడ, న్యాయమైన కూలి మనము ఇచ్చితిమి? మన ఊరిలోనే పుట్టి వెనుకబడినవారిలో ఎవరిని సోమరి అని పిలిచి, వాని యెదుట మూసియున్న తలుపును చూడక పోతిమి?

ప్రార్థన: న్యాయాధిపతివైన తండ్రీ, మా చేతులలోని త్రాసును నీవు ఎరుగుదువు. మమ్మును మా యోగ్యత చొప్పున తూచక కుమారుని కృపచొప్పున చేర్చుకొంటివి. వచ్చినవానియందును ఇచ్చట పుట్టినవానియందును నీ స్వరూపమును చూచు కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.