ఆరో స్థానం

రాయ్‌పూర్‌లో సికిల్ సెల్ వ్యాధి కోసమే ఒక ప్రభుత్వ సంస్థ నడుస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో సాహు, కుర్మీ, గోండు కుటుంబాల్లో ఈ జబ్బు అంతగా ఉంది. మూలం హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు. అందులో 146 అమైనో ఆమ్లాలు. ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది, వాలీన్ వచ్చి కూర్చుంది. మిగతా 145 ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా ఆక్సిజన్ తగ్గగానే ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఎర్రకణం కొడవలిలా వంగుతుంది, ఒంట్లో నొప్పి మొదలవుతుంది.

ఈ సంగతి బయటపెట్టినవాడు వెర్నన్ ఇన్‌గ్రామ్. కేంబ్రిడ్జ్‌లో, 1956లో, ట్రిప్సిన్‌తో హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి కాగితం మీద పరిచాడు. దాదాపు ముప్పై మచ్చలు తేలాయి. మామూలు రక్తానికీ, రోగి రక్తానికీ ఒక్క మచ్చలోనే తేడా. మరుసటి ఏడాదికి అందులో మారిందేమిటో చెప్పాడు. ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలకు ఒక కచ్చితమైన వరుస ఉంటుందని ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్ మీద తేల్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు.

వరుస ఎంత పట్టింపుగలదో చూడండి. పక్కనే ఏడో చోట ఉన్నదీ గ్లుటామిక్ ఆమ్లమే. అక్కడ దాని బదులు గ్లైసిన్ వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకేమీ కాదు.

మరి ఆరో చోటి మార్పును ప్రకృతి చేసిన తప్పు అనవచ్చా? తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే అది వచ్చినవాళ్లు, అంటే వాహకులు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణాంతక మలేరియా నుంచి వాళ్లకు కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ అలిసన్ 1954లో ఆఫ్రికాలో చూపించాడు. ఇద్దరి నుంచీ వస్తేనే వ్యాధి. పూర్వీకులను కాపాడిందే అలా పుట్టిన బిడ్డను ఏడిపిస్తోంది. ఇందులో నేరం ఎవరిది? నాకు తోచినంతవరకు ఎవరిదీ కాదు.

2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లకు కార్డు ఇస్తారు. వాహకులైన ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఆ లెక్కలో తండ్రి వాటా సగం, తల్లి వాటా సగం. సంబంధం మాట్లాడేటప్పుడు అమ్మాయి కార్డు అడిగే పెద్దలు, ముందు అబ్బాయి కార్డు తీసి బల్ల మీద పెట్టండి.