మైకు ముందు ఒక్క క్షణం

బెల్లం కొనేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూస్తాం. చిల్లర రెండుసార్లు లెక్కపెడతాం. మైకు చేతికొస్తే మాత్రం, ఎక్కడో విన్నమాట రుచైనా చూడకుండా పదిమందికీ పంచేస్తాం. ఇదేం న్యాయమో నాకు బోధపడదు.

మా కె.కోటపాడునే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చాలామంది నోట ఇంకా 'విశాఖ జిల్లా' అనే వస్తుంది. నాలుకకి అలవాటే సాక్ష్యం కాబోలు! సరే, నవ్వి ఊరుకోవచ్చు.

నవ్వి ఊరుకోలేనివీ ఉన్నాయి. 'పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణమిచ్చారు' అన్న మాట నవంబరు 1 సభల్లో ఎన్నిసార్లు విన్నానో! చప్పట్లూ పడ్డాయి. నిజానికి ఆయన దీక్ష మద్రాసు నుంచి ఆంధ్రను విడదీయమని. 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబరు 1న.

"భక్తితో అన్నదే కదండీ, మూడేళ్ళు అటూ ఇటూ అయితేనేం?" అంటారు. భక్తిని కాదనను. కానీ ప్రాణం పెట్టి అడిగిన మనిషి ఏం అడిగాడో తెలుసుకోకపోవడం భక్తి ఎలా అవుతుంది? అడగనిది ఆయన పేర రాస్తే, అడిగింది చెరిపేసినట్టే. పోయినవారు లేచొచ్చి 'అది కాదు నాయనా' అని చెప్పుకోలేరు.

రచ్చబండ మీద పొరపడితే పక్కవాడు సరిదిద్దుతాడు. వేదిక మీద ఆ సౌకర్యం లేదు. కింద కూర్చున్న పిల్లవాడు విన్నదే పరీక్షలో రాస్తాడు. మార్కులు పోయేది వాడికి, మెడలో దండ పడేది వక్తకి!

పుస్తకం తిరగేసే తీరిక లేకపోతే ఆ ఒక్క వాక్యం మానేస్తే సరి. సభకి వచ్చే లోటేమీ ఉండదు.