సుతల ద్వారమున గదాధరుడు

భూమి క్రింద నున్నదంతయు నరకమే యను తలంపు జనులలో నాటుకొని యున్నది. పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో ఇది వట్టి మాట కాదు. అచ్చట ఎన్నో ఇండ్ల తండ్రులు, కుమారులు బొగ్గుబాయిలోనికి దిగి బ్రతుకుచున్నారు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. భూగర్భమున ప్రాణములు విడిచినవారికి అధోగతియేనా యని అడుగు తల్లికి శాస్త్రమేమి సమాధానము చెప్పును?

శ్రీమద్భాగవత పంచమ స్కంధమున అధోలోకములు వేరు, నరకములు వేరు. అతలము మొదలు పాతాళము వరకు గల ఏడింటికి బిలస్వర్గములని పేరు. సూర్యకాంతి సోకని ఆ చోట మహాసర్పముల శిరోమణులే చీకటిని పోగొట్టును. (తలపై దీపము ధరించి బాయి దిగువారికి ఈ వర్ణనను విడమరచి చెప్పనక్కరలేదు.) విష్ణుపురాణమున నారదుడు పాతాళమును చూచివచ్చి, స్వర్గముకంటె రమ్యమని దేవతలకు చెప్పెను.

నరకములు 28. అవి దక్షిణదిశయందు, భూమికి దిగువను, గర్భోదకమునకు ఎగువను గలవు. ఒక్కొక్క నరకమునకు ఒక్కొక్క పాపము చెప్పబడినది. పరుల ధనమును, బిడ్డలను అపహరించువానికి తామిస్రము. సాక్ష్యమందును, క్రయవిక్రయములందును, దానమందును కల్లలాడువానికి అవీచి. ఫలానాచోట మరణించినవానికి ఫలానా నరకమను మాట అచట లేదు. పరులను హింసింపక చెమటోడ్చి ఆలుబిడ్డలను పోషించుట ఆ పాపములలో చేరలేదు. నరకవాసమైనను శాశ్వతము కాదు. కర్మఫలము తీరగనే జీవుడు మరల జన్మించును. మఱియొక విశేషము: ఆ దక్షిణదిశయందే అగ్నిష్వాత్తాది పితృగణములు నివసించుచు తమ గోత్రములవారికి మేలు కోరుచుందురని అదే అధ్యాయము చెప్పుచున్నది. తర్పణమునకు దక్షిణాభిముఖులై కూర్చుండువారు దీనిని స్మరింపుడు.

ఇక వెడలగొట్టబడినవాని మాట. బలి గురుశాపమునకు గురియై, వరుణపాశములచే బద్ధుడై, మూడవ అడుగునకు తన శిరమునే చూపెను. పిమ్మట స్వర్గమును వీడి సుతలమునకు పోయెను. ఇది శిక్షయా? అనుగ్రహమనియే నేను చెప్పుదును. తానెవని అనుగ్రహింపదలచునో వాని సంపదను హరింతునని స్వామియే పలికెను. సావర్ణి మన్వంతరమున ఇంద్రపదవి లభించుననియు, అంతవరకు ఆధివ్యాధులు లేని సుతలమున తానే కాచెదననియు బలికి వరమిచ్చెను. తాత ప్రహ్లాదుడును మనుమని వెంట అచటికే వెడలెను.

పోతనగారి వామనచరిత్రము మన ఇండ్లలో వినబడును గాని, గంగన తెనిగించిన పంచమ స్కంధమును తెరచువారు తక్కువ. సుతలవర్ణనము ఆ స్కంధములోనిదే. దిగ్విజయమునకు బయలుదేరిన రావణుడు అచటికి చేరగా, బలి వాకిట గద ధరించి నిలిచియున్న నారాయణుడు కాలి బొటనవ్రేలితోనే వానిని అనేక యోజనముల దూరమునకు విసరివైచెను.