పద్దులో లేని పేరు

నాకు లెక్కలు రాయడం వచ్చు. నందిగామలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణంలో నాలుగేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఏ రైతు ఎన్ని పత్తి విత్తనాల ప్యాకెట్లు అరువు పట్టుకెళ్లాడు, మిర్చి అమ్ముకున్నాక ఎవరు ఎంత జమ చేశారు, ఎవరి ఖాతా ఎంతలో నిలిచింది, అన్నీ నా చేతిరాతలోనే ఉంటాయి. సాయంత్రం గల్లాపెట్టెకూ పుస్తకానికీ పది రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా కుర్చీలోంచి లేవను. అలాంటిదాన్ని, మా ఇంటి పుస్తకంలో ఒక పెద్ద అప్పును నాలుగేళ్లపాటు రాయకుండా వదిలేశాను. ఇచ్చిన మనిషి ఎన్నడూ అడగలేదు. అడగలేదు గనుక అప్పే లేదనుకున్నాను.

మా ఆయన సిమెంటు లారీ నడిపేవారు. 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో పోయారు. అప్పటికి పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయిన రాత్రి పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసి, ఖాళీ పేజీలో గీత గీసి, ఎడమవైపు రాబడి, కుడివైపు ఖర్చు అని రాశాను. ఎడమవైపు రాయడానికి ఆ రాత్రి ఏమీ లేదు. ఆ భయం నాలో ఇప్పటికీ పోలేదు. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన వాటన్నిటికీ వేరు ఆ రాత్రిలో ఉందని మాత్రం చెబుతున్నాను.

ఇప్పుడు జీతం పదకొండు వేల అయిదొందలు. వితంతు పింఛను 2024 జులై నుంచి నాలుగు వేలు వస్తోంది. కలిపితే పదిహేను వేల అయిదొందలు. జగ్గయ్యపేటలో రెండు గదుల ఇంటికి అద్దె మూడున్నర వేలు. కుదువలో ఉన్న గొలుసుకు వడ్డీ తొమ్మిదొందలు. పచారీ సరుకులు మూడు వేల ఎనిమిది వందలు, కూరగాయలు పదిహేను వందలు, పాలు వెయ్యి, కరెంటు అయిదొందలు, బాబు స్కూలు వ్యానుకు ఎనిమిది వందలు, జగ్గయ్యపేట నుంచి నందిగామకు బస్సు ఉచితం కాకముందు నా బస్సు ఖర్చు పదిహేడు వందలు. మిగిలే పద్ధెనిమిది వందల్లో ఫోను, మందులు, గ్యాసు, పెళ్లిళ్ల చదివింపులు.

ఇంతలోనే ఇల్లు నడపడం ఒక విద్య. ముగ్గురికి వచ్చే పదిహేను కిలోల రేషన్ బియ్యంలో కొంత వండుతాను, కొంత మినపప్పుతో నానబోసి దోసెల పిండి రుబ్బుతాను. గుప్పెడు కందిపప్పులో సొరకాయో దోసకాయో వేస్తే రెండు పూటలు వెళ్తుంది. మిర్చి ధర దిగినప్పుడే కారం పట్టించుకోవాలి, చింతపండు కొత్తది వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొనుక్కోవాలి. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే అయినా ముందు డబ్బు కట్టాలి, తర్వాత బ్యాంకులో పడుతుంది. ఆ నాలుగు రోజులకు చేతిలో డబ్బు ఉంచుకోవాలి. ఇవన్నీ నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నానని గర్వపడ్డాను కూడా.

ఆ గర్వంలో సగానికి నా కూతురు హక్కుదారు. ఇరుగుపొరుగు వాళ్లు దాన్ని చూసి "బంగారుతల్లి, అమ్మకు చేదోడు" అనేవాళ్లు. నేను కూడా ఎవరొచ్చినా ఆ మాటే చెప్పేదాన్ని. అది విని పాప ఇంకో పని అందుకునేది. ఎంగిలి గిన్నెలు నేను చెప్పకముందే తోమేది. తమ్ముడికి తల దువ్వి పంపేది. పండక్కి బట్టల దుకాణానికి తీసుకెళ్తే ధర చీటీ తిప్పి చూసి, "నాకు పోయినేటిది బాగానే ఉందిలేమ్మా" అనేది. నా బిడ్డకు ఎంత బుద్ధి అని మురిసిపోయాను. పదమూడేళ్ల పిల్ల ఇష్టపడి గౌను చేతిలోకి తీసుకునే ముందే ధర ఎందుకు చూసుకుంటోందని ఆలోచించలేదు. దాని పనికి కూలి నేను మెచ్చుకోలుతో చెల్లిస్తూ వచ్చాను. మెచ్చుకోలుకు డబ్బు ఖర్చు కాదుగా.

2025 జులై 10న ప్రభుత్వ బళ్లన్నిటిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. దుకాణంలో సగం రోజు సెలవు అడిగి పాప బడికి వెళ్లాను. మార్కులు బాగున్నాయన్నారు. వచ్చేస్తుంటే ఆటలు నేర్పే మేడం ఆపి అడిగారు: "మీ అమ్మాయి పరుగు చూసి ఖోఖో జట్టులోకి తీసుకుందామనుకున్నామండీ. సాయంత్రం గంట ఉండమంటే ఉండదు. ఆటలంటే ఇష్టం లేదంటుంది. మీరేమైనా వద్దన్నారా?"

నేను వద్దనలేదు. ఆ సంగతే నాకు తెలియదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక అడిగాను. "ఆటలంటే ఇష్టం లేదని చెప్పావంట?"

"ఇష్టమేనమ్మా. ఆరింటికి నువ్వొచ్చేసరికి అన్నం ఉండాలిగా," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. దుకాణంలో నేను రైతుకు నిలవ చెప్పినట్టు చెప్పింది.

నిద్ర పట్టలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా తిరిగి, మనుషులు రోజును ఎలా గడుపుతున్నారో లెక్క తీయించిన సంగతి పేపర్లో చదివి ఉన్నాను. తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా రోజును అరగంట గడులుగా విడదీసి, ఏ గడిలో ఏం చేశారని అడిగారట. ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అప్పట్లో ఆ అంకె చదివి నన్ను గురించే రాశారనుకున్నాను. ఆ లెక్కలోకి ఆరేళ్లు నిండిన పిల్లల్ని కూడా తీసుకున్నారన్న ముక్క కూడా చదివాను. దాని మీద మనసు నిలవలేదు.

మర్నాడు ముగ్గురికీ మూడు పేజీలు గీశాను. వారం రోజులు నింపాను. నా పేజీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. పాప పేజీ చూసి కూర్చుండిపోయాను. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చడం, కుళాయి వచ్చే వేళకు బిందెలు పెట్టడం, రాత్రి గిన్నెలు తోమడం, తమ్ముణ్ణి తయారు చేయడం. సాయంత్రం ఆరిన బట్టలు తీసి మడతపెట్టడం, బియ్యం కడిగి పెట్టడం, కూర తరగడం, తమ్ముడి చేత హోంవర్కు చేయించడం. రోజుకు నాలుగు గంటలు తేలాయి. రెండొందల నలభై నిమిషాలు. ఈ దేశంలో ఇల్లు మోసే ఆడమనిషికి నా ఎనిమిదో తరగతి పిల్ల దాదాపు గంట తక్కువలో ఉంది. బాబు పేజీలో వారమంతటికీ ఒకే ఒక్క గడి నిండింది. పాల ప్యాకెట్ తెచ్చిన రోజు.

పేజీలు తిప్పుతుంటే వెనకటి లెక్కలు కూడా కనిపించాయి. చెప్పడానికి నోరు రాని సంగతి ఇక్కడుంది. పాప ప్రభుత్వ బడిలో చదువుతోంది. బాబు కాన్వెంటులో చదువుతున్నాడు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు ఫీజు. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు పదమూడు వేల చొప్పున నా ఖాతాలో ఇరవై ఆరు వేలు పడ్డాయి. ఆ రోజు చాలా సంతోషించాను. మూడో రోజున ఇరవై నాలుగు వేలు కాన్వెంటుకు కట్టాను, మిగతావి వాడి పుస్తకాలకు పోయాయి. పాప చదువు పేరుతో వచ్చిన పదమూడు వేలు కూడా తమ్ముడి ఫీజులోకి వెళ్లాయి. అలా కట్టేటప్పుడు ఒక్క క్షణం కూడా చెయ్యి ఆగలేదు. "పాపకు ఫీజు లేదుగా" అనుకున్నాను.

ఇంకా వెనక్కి వెళ్లాను. ఆడపిల్లకు పదేళ్లు నిండేలోపు పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవచ్చు, ఏడాదికి కనీసం రెండొందల యాభై కడితే చాలు. ఆయన పోయేనాటికి పాపకు ఇంకా కొన్ని నెలల గడువుంది. పుస్తకంలో ఆ నెలలన్నీ వెతికాను. రెండొందల యాభై దొరకని నెలలు కావవి. ఆ ఏడే బాబును ఎల్‌కేజీలో చేర్పించి నాలుగు వేలు కట్టాను.

మా నాన్న తమ్ముణ్ణి విజయవాడ కాలేజీలో వేసి, నన్ను ఇంటర్‌తో ఆపి పత్తి తీతకు పంపాడు. ఆయన్ని నేను మనసులో ఇరవై ఏళ్లు క్షమించలేదు. ఆయన కూడా ఇలాగే, చేతులు వణక్కుండా, లేమిలో మరో దారి లేదనుకుంటూ చేసి ఉంటాడు. ఆ మాట ఇప్పుడు అర్థమైంది. అర్థమైనందువల్ల ఆయన తప్పు తగ్గలేదు. నాది కూడా తగ్గదు.

ఆ నెలలోనే పాప బడి ప్రాజెక్టుకు మా ఊరి ధనంబోడు గురించి రాసుకుంది. పేరులోనే ధనం ఉన్న ఆ బోడు మీద, పాలేటి ఒడ్డున, ఒకప్పుడు బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో బర్జెస్ అనే దొర తవ్వించాడు. అక్కడ దొరికిన సున్నపురాతి ఫలకం మీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, పైన మేఘాల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. పాప ఆ బొమ్మను పెన్సిల్‌తో గీసి, నాణేలన్నిటికీ పసుపు రంగు వేస్తోంది. కథ చెప్పమన్నాను. బంగారం కురిసినా మాంధాతకు తృప్తి లేదట, చివరికి ఇంద్రుడి సింహాసనంలో సగం దక్కినా మొత్తం కావాలనుకుని కింద పడ్డాడట.

మాది మెట్ట. సాగర్ కాలవ అందిన చోట అందుతుంది, అందని చోట మొగులు వంక చూడాల్సిందే. నేను కూడా నాలుగేళ్లు అలాగే చూశాను. ఒక్క వాన పడితే, చేతిలో నాలుగు రాళ్లు ఆడితే, పాపను సుఖపెడతాననుకున్నాను. జూన్‌లో ఆ వాన పడింది. నీళ్లన్నీ ఒకే మడికి మళ్లించాను. గట్టు తెగ్గొట్టిన పార నా చేతిలోనే ఉంది.

పాప ఇంకో సంగతి కూడా రాసుకుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందట, సిద్ధార్థుడనే శిల్పి ఆ స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు నిలిపి, వాటి మీద శాసనం చెక్కించాడు. అందులో తల్లి పేరు, భార్య పేరు, కొడుకు పేరు, వాటితోపాటు కూతురి పేరు కూడా ఉంది. "కూతురి పేరు కూడా వేశాడమ్మా," అని పాప చెప్పింది. దాని మనసులో ఏమీ లేదు, వింతగా అనిపించి చెప్పింది. నేను మాత్రం పొయ్యి దగ్గరికి వెళ్లి, ఉడుకుతున్న అన్నాన్ని ఊరికే కలుపుతూ నిలబడ్డాను. ఉలితో రాతి మీద ఒక్కో అక్షరం చెక్కేవాడికి కూతురి పేరు బరువనిపించలేదు. నాకు పెన్నుతో రాయడానికి తీరిక లేకపోయింది.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మొదటిసారి జీరో టికెట్ చేతిలో పట్టుకుని చిల్లకల్లు దాటేసరికి పదిహేడు వందలు ఎటు పంచాలో లెక్క వేసేశాను. గొలుసు అప్పు అసలుకు కొంత, బాబుకు కొత్త బూట్లు... అక్కడ ఆగాను. పాత చెయ్యి పాత దారినే పోతోంది. ఇంటికెళ్లి పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన పాప పేరు రాశాను, కింద "ఇవ్వవలసినది" అని రాశాను. పదమూడు వేలు మొదటి పద్దు. గంటలకు ధర కట్టడం నాకు చేతకాలేదు. గంటలు గంటలుగానే రాశాను.

అయిదొందలు ప్రతి నెలా పాప పేరుతో పోస్టాఫీసులో కడుతున్నాను. ఇంకో ఆరేడు వందలు పెట్టి పక్కవీధి ఆవిడ దగ్గర దోసెల పిండి కొంటున్నాను, ఒక పెద్ద కుక్కర్ వాయిదాల్లో తీసుకున్నాను. పప్పు, కూర పొద్దున్నే రెండు పూటలకూ వండేస్తున్నాను. ఇంతకాలం పొదుపంటే రూపాయి మిగల్చడమే అనుకున్నాను. ఆ రూపాయి కోసం ఎవరి పొద్దు కరుగుతోందో చూసుకోలేదు. బాబుకు ఎనిమిదేళ్లు. తన కంచం, అక్క కంచం కడుగుతున్నాడు, పక్కబట్టలు మడుస్తున్నాడు. మొదట్లో మా అమ్మ వచ్చి చూసి "మగపిల్లాడి చేత అంట్లా?" అంది. వాడు తినే కంచమే కదమ్మా అన్నాను. కాన్వెంటు మాట మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే జూన్‌లో ఇద్దరినీ ఒకే బడికి పంపాలని పుస్తకం చెబుతోంది, వాణ్ణి మాన్పించాలంటే గుండె ఒప్పుకోవడం లేదు. పాప పదమూడు వేలను మాత్రం ఇక ముట్టను. అంతవరకు నిశ్చయించుకున్నాను.

మొన్న బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆరు దాటింది. ఇల్లు చీకటిగా ఉంది. లైటు వేస్తే పొద్దుటి గిన్నెలు తొట్లో అలాగే ఉన్నాయి, బట్టలు తీగ మీదే ఉన్నాయి, బియ్యం కడగలేదు. ముందు కోపమే వచ్చింది. ఇంకా వస్తోంది, దాచను. సంచి పక్కన పెట్టి, పాప పేరున్న పేజీ తీసి, ఆ రోజు గడిలో ఒక గంట కొట్టేశాను. ఖోఖో ఆడుతోంది. ఇంకా రాలేదు. కొంగు బిగించుకుని గిన్నెల ముందు కూర్చున్నాను.