మార్కా గొంతూ, మనిషి మాటా

నేడు ప్రతి పెద్ద కంపెనీకీ ఒక గొంతు ఉండాలంటున్నారు. సబ్బు పెట్టె మీదా, పత్రికా ప్రకటనలోనూ, ఫిర్యాదుకు పంపే జవాబులోనూ ఆ గొంతు ఒక్క తీరుగానే వినిపించాలట. ఏ మాట వాడాలి, ఏ మాట వాడరాదు, ఎంతవరకు చమత్కరించవచ్చు, ఎక్కడ సానుభూతి చూపాలి అని నియమావళులు రాసి ఉద్యోగుల చేతికిస్తున్నారు. ఇదంతా వ్యాపార కౌశలమే అయితే మనం పట్టించుకోనక్కరలేదు. కాని దీనికి వారు పెట్టిన పేరు నిలకడ. నిలకడ గల గొంతును ప్రజలు నమ్ముతారన్నది వారి సూత్రం. నిలకడ, నమ్మకం అనేవి నీతికి సంబంధించిన మాటలు. వాటిని సరుకుకు అంటగట్టినప్పుడు విచారించవలసిన బాధ్యత మనకుంది.

"మాట మీద నిలబడ్డాడు" అని మనవాళ్లంటారు. ఒకే స్వరంతో మాట్లాడాడని దాని అర్థం కాదు, అన్నది చేశాడని అర్థం. కన్యాశుల్కం చూడండి. గిరీశం వెంకటేశంతో ఒక తీరున, బుచ్చమ్మతో ఒక తీరున, అగ్నిహోత్రావధాన్లతో మరొక తీరున మాట్లాడతాడు. మధురవాణీ అంతే. చివరకు మగవేషం వేసుకొని సౌజన్యారావు పంతులింటికి వెళుతుంది. అయినా ఒక పసిపిల్లను ముసలివాడి పెళ్లి నుంచి తప్పించాలన్న పనిలో ఆమె పట్టు సడలదు. ఇద్దరూ గొంతులు మార్చినవారే. ఎవరి మేలు కోరి మార్చారన్న దగ్గరే తేడా వచ్చింది. కనుక గొంతు నిలకడ వేరు, మాట నిలకడ వేరు అని నేనంటాను.

మొదటిది ఉండి రెండవది లేకపోతే ఏమవుతుందో బ్రిటిష్ పెట్రోలియం చరిత్ర చెబుతుంది. 2000లో ఆ చమురు కంపెనీ పచ్చని పువ్వులాంటి గుర్తు పెట్టుకొని, పెట్రోలియంను దాటి పోతున్నామనే నినాదం ఎత్తుకుంది. 2005 మార్చి 23న టెక్సస్ సిటీలోని ఆ కంపెనీ శుద్ధి కర్మాగారం పేలి 15 మంది కార్మికులు చనిపోయారు. ఖర్చుల కోత కూడా ఆ ప్రమాదానికి దారితీసిందని అమెరికా రసాయన భద్రతా బోర్డు 2007లో తేల్చింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి మరో 11 మంది చనిపోయారు. 87 రోజులు చమురు సముద్రంలోకి కారింది. ప్రకటనలు రాసేవాడి నియమావళిలో స్వరం తప్పడం నేరం. మరమ్మతు తప్పడం ఆ నియమావళి పరిధిలోకే రాదు.

పెద్ద పెట్టుబడి సంగతి అంతేనని తోసివేయనక్కరలేదు. సహకార సంఘాన్నే తీసుకుందాం. పాల్సన్ డెయిరీ పెత్తనాన్ని ఎదిరించి 1946లో కైరా జిల్లా పాడిరైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన సంఘం పెట్టుకున్నారు. అదే తరువాత అమూల్ అయింది. 1966లో సిల్వెస్టర్ డకున్హా, యూస్టేస్ ఫెర్నాండెస్ రూపొందించిన చుక్కల గౌను పిల్ల నాటినుంచి ఒకే కొంటె గొంతుతో దేశవ్యవహారాల మీద మాట్లాడుతూ వచ్చింది. అందులో అసలైన హాస్యమున్నదని ఒప్పుకుంటాను. కాని 1976 సంగతి చూడండి. క్రిములు లేకుండా శుద్ధి చేయడానికీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికీ ఇంగ్లీషులో ఒకటే మాట. ఎమర్జెన్సీలో పేదలను పట్టుకుపోయి ఆపరేషన్లు చేస్తున్న రోజుల్లో, ఆ పిల్ల నర్సు వేషం వేసి, వెన్న పళ్లెం పట్టుకొని, ఆ పని మేమెప్పుడూ నిర్బంధంగానే చేస్తున్నామని శ్లేషించింది. సెన్సారు కాలంలో ఆ మాత్రం అనడమే సాహసమని కొందరంటారు. కావచ్చు. అయితే కత్తికింద పడ్డ మనిషి బాధకూ, రొట్టె మీది వెన్నకూ ఒకే స్వరం సరిపోయింది. ఎప్పుడూ నవ్వాలన్న కట్టుబాటున్న గొంతుకు కోపగించే వీలు లేదు, దుఃఖించే వీలూ లేదు.

అదే 1976లో గుజరాత్ పాడిరైతులు 5 లక్షల మంది తలకు 2 రూపాయలు వేసుకొని శ్యామ్ బెనెగల్ చేత మంథన్ చిత్రం తీయించారు. అందులో పశువైద్యుడు, సర్పంచి, దళిత యువకుడు, ప్రైవేటు డెయిరీ యజమాని ఎవరి గొంతుతో వారు మాట్లాడతారు, తగువులాడుకుంటారు. సంఘం ఎంత కష్టంతో పుట్టిందో ఆ తగువుల వల్లనే మనకు తెలుస్తుంది.

సరుకు చాటున మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనిపిస్తుందని మార్క్స్ 1867లో వివరించాడు. ఇప్పుడా సరుకుకు గొంతు కూడా వచ్చింది. ఆ గొంతును అరువిచ్చేది శ్రామికుడే. విమాన పరిచారికల చిరునవ్వు కూడా జీతానికి అమ్ముడుపోయే శ్రమేనని ఆర్లీ హోక్షీల్డ్ 1983లో తన గ్రంథంలో చూపించారు. కాల్ సెంటరులో రాత్రి షిఫ్టు చేసే మన అమ్మాయి తన యాసను గడప బయట వదలి కూర్చుంటుంది. అవతలివాడు తిట్టినా కంపెనీ గొంతుతోనే బదులివ్వాలి. ఆ సహనానికి వచ్చే పేరు మార్కాకు పోతుంది. తిట్లు మాత్రం ఆమెకు మిగులుతాయి.

మందు సీసా మీద మోతాదు ఎప్పుడూ ఒక తీరుగా రాయడం వల్ల జనానికి మేలు లేదా అని అడగవచ్చు. ఉంది. అది సమాచారంలో నిలకడ. తప్పయితే పట్టుకొని నిలదీయవచ్చు. చనువును, దయను అలా నిలదీయలేము.

ఈ విచారణ మన గుమ్మం దగ్గర ఆగరాదు. మన కరపత్రాలకూ ఒక గొంతు ఏర్పడింది. ఏ సమ్మె అయినా అవే విశేషణాలు, ఏ ఓటమి అయినా అదే విజయగీతం. బీడీలు చుట్టే స్త్రీ తన యాసతో, తన సందేహాలతో, మన మీద తన కోపంతో మన పుటల్లోకి రాలేకపోతే, మనమూ ఒక మార్కా నడుపుతున్నట్లే. రచయితలుగా మనం ముందు చేయవలసిన పని ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చువేయడం, అడిగిన దానికి జవాబు చెప్పడం.