ఖాళీ గడి

పనిని పంచుకొనుట ధర్మమని అందరము అంగీకరింతుము. కాని తనకు పని ఎంత ఉన్నదో, తీరిక ఎంత ఉన్నదో తోటివారికి చూపుట కూడ ధర్మమేనా? ఈ ప్రశ్న నేడు మన సిద్దిపేటకును వచ్చినది. 2023 జూన్‌లో ఇచ్చట ఐ.టి. టవర్ ప్రారంభమైనది. ఇట్టి చోట్ల జరుగు ఉద్యోగములలో గోడ కాలెండరుకు బదులు, అందరి కంప్యూటర్లలోను కనబడు ఉమ్మడి కాలెండరు ఉండును. గూగుల్ సంస్థ 2006లో ప్రవేశపెట్టినది ఇట్టిదే. ఎవరు ఏ గంటలో పనిలో ఉన్నారో, ఎవరికి తీరిక ఉన్నదో అందులో గడుల రూపమున తెలియును. ఖాళీ గడిని చూచి పై అధికారి సమావేశము పెట్టును. తోటి ఉద్యోగి పని అప్పగించును.

ఈ భావము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. చెరువు నీటిని వంతుల ప్రకారము పారించుటకు గ్రామమున నీరటి యుండెడివాడు. ఎవరి వంతు ఎప్పుడో రైతులందరికిని తెలిసియుండెడిది. ఒకడు తన పొలము తడిసిన పిదపయు నీరు విడువకున్న క్రింది మడి ఎండును.

ఈ సత్యము నాకు ఆలస్యముగా బోధపడినది. నేను పనిచేసిన ఒక కార్యాలయమున, ఒక వారము రెండు మధ్యాహ్నములను 'పనిలో ఉన్నాను' అని నింపితిని. పనియేమియు లేదు, క్రొత్తది మీద పడకుండుటకే అట్లు చేసితిని. అది ఒక సహోద్యోగినికి పోయినది. ఆమె ముగించి లేచుసరికి వారి ఊరి ఆఖరి బస్సు వెళ్లిపోయినది. నేను నోటితో అబద్ధమాడలేదని సరిపెట్టుకొంటిని. కాని వ్రాసిన చేయి నాది కాదా?

ఆమె గడులు ఏల ఖాళీగా ఉండెను? తీరిక యుండి కాదు. క్రొత్తవారికి పని నేర్పుట, ఇతరుల తప్పులు దిద్దుట వంటి వానిని ఆమె వ్రాసికొనలేదు. వ్రాసిన గొప్పలు చెప్పుకొన్నట్లగునని సంకోచించినది. లేని భారమును చూపుట దోషము. ఉన్న భారమును దాచుటయు వినయము కాదు. పంచుకొనగలవారికి అది తెలియకుండ పోవును.

అట్లైన మన జీవితమంతయు ఇతరుల యెదుట పరచవలెనా? అక్కరలేదు. 1998లో వెలువడిన ఐక్యాలెండర్ అను సాంకేతిక ప్రమాణములోనే ఒక మర్యాద ఉన్నది: కారణము చెప్పకయే 'ఈ వేళ తీరిక లేదు' అని తెలుపవచ్చును. తల్లిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవువాడు ఆ సంగతి వ్రాయనక్కరలేదు. వేళ తెలిసిన చాలును.

కాయకమును, దాసోహమును బసవేశ్వరుడు జతగా బోధించెను. దాసోహము ఇచ్చువాని మనస్సునుండి రావలెను. లాగికొన్నది దాసోహము కాదు. కావున ఖాళీ గడి ముందు దున్నినవానిదగుటకు బీడుభూమి కాదు. నిజము వ్రాయుట ఉద్యోగి ధర్మమైన, అడిగి తీసికొనుట అధికారి ధర్మము.

మరుసటి వారము నేను ఆ రెండు గడులను చెరిపి, ఆమె పనిలో కొంత అడిగి తీసికొంటిని. ఆమెకు ఆఖరి బస్సు దొరికినది. అడిగిన కారణమును మాత్రము నేటికిని చెప్పలేదు. చెప్పుట ఇంకను మిగిలియున్నది.